కార్బొనిల్‌కి ఇన్ని ఇంటిపేర్లా?

పర్లాకిమిడిలో నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే ప్లస్‌టూ పిల్లల కెమిస్ట్రీ నోట్సు వెనక నుంచి తెరిస్తే అందరిదీ ఒకేలా ఉంటుంది. ఆల్డాల్, కనిజారో, క్లెమెన్‌సన్, వుల్ఫ్-కిష్నర్, రోజన్‌మండ్, స్టీఫెన్, ఈటార్డ్... ఎడమవైపు చర్య పేరు, మధ్యలో బాణం, కుడివైపు ప్రోడక్టు. బాణం నెత్తిన ఎర్ర పెన్నుతో కారకం. పెళ్ళి శుభలేఖ కింద బంధుమిత్రుల పేర్లు వేసినట్టు వరసగా వేసుకుంటారు. ఎవరు ఎవరికి ఏమవుతారో మాత్రం ఎక్కడా ఉండదు.

పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం ఒక అమ్మాయిని అడిగాను, బెంజాల్డిహైడ్‌లో సజల సోడియం హైడ్రాక్సైడ్ వేస్తే ఏమవుతుందని.

"ఆల్డాల్ అవుద్ది మాస్టారూ."

"ఎలా చెప్పావమ్మా?"

"ఆల్డిహైడు ఉంది, డైల్యూట్ బేస్ ఉంది. బాణం మీద అదే కదండీ ఉంటాది!"

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. బరంపురంలో డిగ్రీ చదివేటప్పుడు పరీక్షలో నేనూ సరిగ్గా ఇదే రాశాను. బెంజాల్డిహైడ్ ఒక్కదానికే ఆల్డాల్ చర్య రానే రాదు. అయినా నేను ప్రోడక్టు బొమ్మ కూడా గీశాను, లేని హైడ్రోజన్‌ని ఎక్కడి నుంచో తెచ్చి అతికించి. సున్నా వచ్చింది. ఆ సున్నా నాకు న్యాయంగానే వచ్చింది. నాకు తిక్క పుట్టేది ఇంకో విషయానికి: ఆ తర్వాత నేను ట్యూషన్లు మొదలుపెట్టి, మొదటి ఏడెనిమిదేళ్ళు పిల్లలకి అవే బాణాలు రాయించాను. ఎర్ర పెన్ను వాడమని చెప్పింది కూడా నేనే.

కార్బొనిల్ అంటే కార్బన్, ఆక్సిజన్ ద్విబంధంతో కలిసున్న చోటు. ఆ కార్బన్ మీద హైడ్రోజన్ ఉంటే ఆల్డిహైడ్, రెండువైపులా కార్బన్లే ఉంటే కీటోన్. ఇప్పుడు నా వాదన ఇది. కార్బొనిల్ పాఠంలో పన్నెండు చర్యలు లేవు. ఉన్నది ఒకే కథ. ఎలక్ట్రాన్లకి కరువైన ఒక కార్బన్ ఉంది, ఎలక్ట్రాన్లు మిగిలినవాడు ఎవడో దాని దగ్గరికి వస్తాడు. వచ్చినవాడు ఎవడు, వచ్చాక ఎవరు బయటికి పోతారు – ఈ రెండూ అడగడం నేర్పితే ఇంటిపేర్లు వాటంతటవే గుర్తుంటాయి. నేర్పకపోతే శుభలేఖ మొత్తం బట్టీ కొట్టినా పెళ్ళికొడుకెవరో తెలియదు.

ముందు భాష సంగతి. మా ఊరు 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది. ఇవతల ఉన్న పాతపట్నం శ్రీకాకుళం జిల్లా. ఇక్కడి తెలుగు పిల్లవాడు బడిలో ఒడియాలో అమ్లజాన, ఉదజాన, అంగారక అని చదువుతాడు. ఇంట్లో తాతగారు ఆమ్లజని, ఉదజని అంటారు. కాలేజీకి వెళ్ళగానే ఆక్సిజన్, హైడ్రోజన్, కార్బన్. ఒక్క గాలికి మూడు పేర్లు. దీన్ని చాలామంది మాస్టర్లు బరువు అనుకుంటారు. నాకు మాత్రం ఇది వరం. అమ్లజాన, ఆమ్లజని పక్కపక్కన రాసి, ఏమిటి దీని అర్థం అని అడిగితే పిల్లలే చెప్పేస్తారు, ఆమ్లాన్ని పుట్టించేది అని. ఫ్రెంచి శాస్త్రవేత్త లవోయిజే పెట్టిన ఆక్సిజన్ అనే పేరుకీ అర్థం అదే. ప్రతి ఆమ్లంలోనూ ఇది ఉంటుందనుకుని ఆయన ఆ పేరు పెట్టాడు. పొరపాటు పడ్డాడు. హైడ్రోక్లోరికామ్లంలో ఆక్సిజన్ లేదు. పొరపాటు సవరించుకున్నారు, పేరు మిగిలిపోయింది. ఈ కథ విన్న పిల్లవాడు ఇంకెప్పుడూ సాంకేతిక పదాన్ని మంత్రంలా చూడడు. విప్పి చూస్తాడు.

విప్పితే చాలా దొరుకుతుంది. ఆల్డిహైడ్ అన్న మాట జర్మన్ కెమిస్టు లీబిగ్ 1835 ప్రాంతంలో కట్టింది. ఆల్కహాల్ డీహైడ్రోజనేటస్ అనే లాటిన్ మాటలని కత్తిరించి అతికించాడు, అంటే హైడ్రోజన్ తీసేసిన ఆల్కహాల్. ఆల్డాల్ అంటే సగం ఆల్డిహైడ్, సగం ఆల్కహాల్. ప్రోడక్టులో ఏముంటుందో పేరులోనే ఉంది! అయినా నా నోట్సులో ఆల్డాల్ ఎవరో జర్మన్ శాస్త్రవేత్త అని చాలాకాలం అనుకున్నాను. సిగ్గుపడాల్సిన విషయమే, రాసేశాను.

గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో ఈ ఊళ్ళోనే, రాజావారి బడిలో మాస్టారుగా చేరారు. జనం మాట్లాడే తెలుగులో చదువు చెప్పండి మొర్రో అని జీవితమంతా పోరాడినాయన. ఆయన నడిచిన వీధుల్లో కూర్చుని మేం సమయోజనీయ బంధం, ఋణవిద్యుదాత్మకత, ప్రమేయ సమూహం అంటూ పిల్లల మీద రాళ్ళు దొర్లిస్తున్నాం. ఆ పదాలు వద్దని కాదు. పుస్తకంలో ఉండాలి, పిల్లలకి రావాలి. కానీ ఆ పదం దగ్గరికి చేరే దారి మామూలు మాటల్లో ఉండాలి. ప్రమేయ సమూహం అంటే ఏమిటని అడిగితే నేనైతే, అణువులో పని జరిగే చోటు అంటాను. మిగతా గొలుసంతా దాన్ని మోసే బండి.

ఇక బంధం. రెండు పరమాణువులు చెరొక ఎలక్ట్రాన్ పెట్టి ఇద్దరూ వాడుకుంటే సమయోజనీయ బంధం. మా వైపు పిల్లలకి నేను ఉమ్మడి బావి అని చెబుతాను. అన్నదమ్ములిద్దరూ కలిసి తవ్వించారు, కాగితం మీద చెరిసగం. అయితే అన్న చేను పల్లంలో ఉంది. నీళ్ళు ఎటు పోతాయి? కార్బన్-కార్బన్ మధ్య బావి సరిసమానం. కార్బన్-ఆక్సిజన్ మధ్య బావిలో ఆక్సిజన్ చేనే పల్లం. ఎలక్ట్రాన్లని తనవైపు గుంజుకునే ఆ గుణానికి అమెరికన్ కెమిస్టు పాలింగ్ అంకెలు ఇచ్చాడు: కార్బన్‌కి 2.55, ఆక్సిజన్‌కి 3.44. ఆ తేడా వల్ల కార్బన్ మీద కొద్దిగా ధనావేశం, ఆక్సిజన్ మీద కొద్దిగా ఋణావేశం. డెల్టా ప్లస్, డెల్టా మైనస్ అని పిల్లలు చిన్నగా రాసే గుర్తులు అవే. ద్విబంధంలో రెండో జత, అంటే గ్రీకు అక్షరం పేరున్న పై (π) బంధం, ఇంకా వదులుగా ఉంటుంది. అది మరీ తేలిగ్గా ఆక్సిజన్ వైపు ఒరిగిపోతుంది. బావి పోలిక ఇక్కడిదాకానే పనికొస్తుంది. ఆ పై (π) ఎలక్ట్రాన్లు అణువు తలానికి పైనా కిందా మబ్బులా పరుచుకుని ఉంటాయి, ఏ బావిలోనూ నీళ్ళు అలా ఉండవు. పోలిక ఎక్కడ చెడుతుందో కూడా చెప్పకపోతే పిల్లలు బావినే పరీక్షలో రాస్తారు. ఒకడు రాశాడు కూడా.

సంకరీకరణం (ఎలక్ట్రాన్లుండే ఎస్, పీ ఆర్బిటాళ్ళని కలిపి చెప్పే లెక్క) గురించి ఒక్క ముక్క. ఎస్‌పీ3, ఎస్‌పీ2 అని వంటకంలా చెబుతారు, ఒక కప్పు ఎస్, రెండు కప్పుల పీ కలపండి అన్నట్టు. కార్బన్ కూర్చుని ఏదీ కలపదు. మీథేన్‌లో కోణం 109.5 డిగ్రీలు, కార్బొనిల్ కార్బన్ దగ్గర దాదాపు 120 ఎందుకున్నాయో లెక్క తేల్చడానికి మనం వాడే పద్ధతి అది. మన కథకి కావలసింది ఇంతే: కార్బొనిల్ కార్బన్ చుట్టూ మూడు దిక్కుల్లోనే జనం ఉన్నారు, అందరూ ఒకే తలంలో. పైనుంచీ కిందనుంచీ ఖాళీ. ఎవడైనా రావాలంటే దారి తెరిచే ఉంది.

ఇక్కడ చాలామంది మాస్టర్లు ఒక మాట దాటేస్తారు. కార్బన్-కార్బన్ ద్విబంధానికీ సంకలన చర్యే (ద్విబంధం విప్పుకుని ఇంకొకటి వచ్చి కలిసే చర్య), కార్బొనిల్‌కీ సంకలన చర్యే. రెండూ ఒకటేనా? కాదు, తలకిందులు. ఈథీన్‌లో ద్విబంధం ఎలక్ట్రాన్లు నిండిన చోటు. అందుకే ఎలక్ట్రాన్లు కావాల్సిన బ్రోమిన్ లాంటిది దాన్ని వెతుక్కుంటూ వస్తుంది, బ్రోమిన్ నీళ్ళ రంగు పోతుంది. కార్బొనిల్‌లో కార్బన్‌కే కరువు. అందుకే ఎలక్ట్రాన్లు ఇవ్వగలిగినవాడు వస్తాడు. వాడిని న్యూక్లియోఫైల్ అంటారు. పరమాణువు కేంద్రకంలో ఉన్న ధనావేశాన్ని కోరి వచ్చేవాడు అని పేరులోనే ఉంది. ఒకటి అన్నం పెట్టే ఇల్లు, రెండోది ఆకలితో ఉన్న ఇల్లు. తలుపు కొట్టేవాళ్ళు వేరుగా ఉండక ఏమవుతారు?

అప్పుడొక తెలివైన కుర్రాడు అడిగాడు. "మాస్టారూ, బంధ శక్తి పట్టికలో కార్బన్-ఆక్సిజన్ ద్విబంధం 745 అని ఉంది. కార్బన్-కార్బన్ ద్విబంధం 614. మరి ఎక్కువ గట్టిదే ఎక్కువ చర్యల్లో దిగడం ఏటండీ?" ఇంత మంచి ప్రశ్న నా డిగ్రీ మూడేళ్ళలో నాకు తట్టలేదు. ఆ రోజు మిగతా పాఠం ఆపేసి దీని మీదే కూర్చున్నాం.

లెక్క చూడండి. కార్బన్-కార్బన్ ఏక బంధం సుమారు 348 కిలోజౌళ్ళు. రెండేసుకుంటే 696. ద్విబంధం 614 మాత్రమే. అంటే రెండో బంధం మొదటిదానికంటే చవక. దాన్ని విప్పి రెండు ఏక బంధాలు కట్టుకోవడం లాభసాటి బేరం. కార్బన్-ఆక్సిజన్ ఏక బంధం 358. రెండేసుకుంటే 716. ద్విబంధం 745! రెండో బంధం మొదటిదానికంటే ఖరీదు. కాబట్టి కార్బొనిల్‌కి తిరిగి కార్బొనిల్ అయిపోవాలనే ఉంటుంది. ఆకలి వల్ల తలుపు తీస్తుంది, కానీ వీలు దొరికితే వచ్చినవాణ్ణి పంపించేసి మళ్ళీ తలుపు వేసుకుంటుంది. ఎసిటోన్‌ని నీళ్ళలో వేస్తే నీటి అణువు వచ్చి కలుస్తుంది, మళ్ళీ పోతుంది, ఏ క్షణాన చూసినా వెయ్యిలో ఒకటి మాత్రమే కలిసిన రూపంలో ఉంటుంది. ఫార్మాల్డిహైడ్‌కి చుట్టూ అడ్డుపడే మిథైల్ గుంపులు లేవు, కరువు తీర్చేవాళ్ళూ లేరు. అది నీళ్ళలో దాదాపు మొత్తం కలిసిన రూపంలోనే ఉంటుంది. ఆల్డిహైడ్ చురుకు, కీటోన్ మందం అని బట్టీ కొట్టే వాక్యం వెనక ఉన్నది ఇదే: చుట్టూ ఇరుకు ఎంత, ఇరుగుపొరుగు ఎంత ఆదుకుంటున్నారు.

ఆదుకోవడం అంటే గుర్తొచ్చింది. మా ఊళ్ళో కొమ్ముతో బొమ్మలు చేసేవాళ్ళున్నారు. పర్లాకిమిడి కొమ్ము పని పేరున్న పని. కొమ్ముని వేడి చేసి మెత్తబడగానే వంచుతారు, కొంగ మెడ తిప్పుతారు, చల్లారితే ఆ వంపు అలాగే నిలబడుతుంది. పని చేస్తుంటే వెంట్రుకలు కాలిన వాసన గది నిండా ఉంటుంది. కొమ్ము, గోరు, వెంట్రుక అన్నీ కెరాటిన్ అనే ప్రొటీనే. ప్రొటీన్ గొలుసులో ప్రతి కొన్ని పరమాణువులకీ ఒక కార్బొనిల్ ఉంటుంది. ఇన్ని కార్బొనిళ్ళు ఆకలితో ఉంటే మరి ఎద్దు వానలో తడిసినప్పుడల్లా కొమ్ము కరిగిపోవాలి కదా? కరగదు. ఆ కార్బన్ పక్కనే నైట్రోజన్ ఉంది. తన దగ్గర ఉన్న ఒంటరి ఎలక్ట్రాన్ జతని కార్బొనిల్‌కి అప్పిస్తూనే ఉంటుంది. కడుపు నిండినవాడు తలుపు తీయడు. ఎమైడ్ (పక్కన నైట్రోజన్) మందం, ఆమ్ల క్లోరైడ్ (పక్కన క్లోరిన్) యమా చురుకు, ఎస్టర్ (పక్కన ఆక్సిజన్) మధ్యలో అనే క్రమాన్ని ఇలా పక్కింటివాడి దానగుణం చూసి చెప్పేయొచ్చు. క్లోరిన్ ఇచ్చేది తక్కువ, గుంజుకునేది ఎక్కువ. క్రమాన్ని నేను బోర్డు మీద రాయడం మానేసి మూడేళ్ళయింది, పిల్లలే రాస్తున్నారు.

అన్ని ఆక్సిజన్లూ ఇలాంటివి కావు. గంజాం జిల్లాలో మొగలి పువ్వుతో అత్తరు తీస్తారు, ఆ పువ్వుకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ వాసనలో పెద్ద వాటా ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్‌ది. అక్కడ ఆక్సిజన్ రెండు కార్బన్ల మధ్య ఏక బంధాలతో కూర్చుంది. వదులైన పై బంధమూ లేదు, తెరిచిన దారీ లేదు. పూజ గదిలోంచి ఆ సీసా తెచ్చి మూత తీసి, దీన్ని న్యూక్లియోఫైల్ పట్టించుకుంటుందా అని అడుగుతాను. క్లాసంతా వాసన చూడ్డంలో పడి జవాబు చెప్పదు.

ఇప్పుడు నా రెండో అవమానం. డిగ్రీ ప్రాక్టికల్స్ వైవాలో ఎక్స్‌టర్నల్ గారు టోలెన్స్ పరీక్ష గురించి అడిగారు, ఆల్డిహైడ్ ఉంటే నాళికలో వెండి అద్దం వచ్చే పరీక్ష అది. "ఎసిటోన్ టోలెన్స్ పరీక్ష ఇవ్వదెందుకు?" నేను టక్కున, "అది కీటోన్ సార్." ఆయన, "కీటోన్ అయితే?" నేను బల్ల మీద బీకరుని చూశాను. ఆయన కిటికీ వైపు చూశారు. అరనిమిషం గడిచింది. "సరే, వెళ్ళు." ఆ అరనిమిషం ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొస్తుంది, స్నానం చేస్తుంటే.

జవాబు ఏమంత బ్రహ్మవిద్య కాదు. ఆల్డిహైడ్‌లో ఆకలి కార్బన్ మీదే ఒక హైడ్రోజన్ ఉంది. క్షార ద్రావణంలో హైడ్రాక్సైడ్ వచ్చి ఆ కార్బన్‌ని అంటుకుంటుంది, హైడ్రోజన్ తన బంధంలోని ఎలక్ట్రాన్లని వదిలి పోతుంది, ఆ ఎలక్ట్రాన్లు వెండి అయాన్లకి చేరి అవి లోహమవుతాయి, ఆల్డిహైడ్ ఆమ్లమవుతుంది. కీటోన్‌లో ఆ చోట హైడ్రోజన్ లేదు, రెండువైపులా కార్బన్లే. పంపించాలంటే కార్బన్-కార్బన్ బంధాన్ని తెంచాలి, వెండి అయాన్‌కి అంత సత్తువ లేదు. అంతే. మళ్ళీ అవే రెండు ప్రశ్నలు: ఎవరొచ్చారు, ఎవరు పోగలరు.

దీన్ని నేను ఏడాదికోసారి పెరట్లో చేసి చూపిస్తాను. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ఒక చుక్క సోడియం హైడ్రాక్సైడ్ వేస్తే మట్టిరంగు అవక్షేపం. అమోనియా చుక్క చుక్కగా వేస్తూ ఊపితే అది కరిగి మళ్ళీ నీళ్ళలా తేటగా అవుతుంది. అందులో గ్లూకోజు ద్రావణం వేసి, పరీక్ష నాళికని వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టి, కదపకుండా వదిలేయాలి. పిల్లలు ఊపకుండా ఉండలేరు, అదే కష్టం. మొదట బూడిదరంగు పొగలా వస్తుంది. పాడయిపోయింది అంటారు. ఇంకో నిమిషం. గాజు అడుగునుంచి పైకి పాదరసం పాకినట్టు పాకుతుంది, నాళిక లోపలంతా అద్దమైపోతుంది. ఒక్కొక్కరూ దాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసుకుంటారు, ముక్కులు ఇంతింత లావు. చివర్లో ఆ ద్రావణాన్ని నిలవ ఉంచకూడదు, ఎండితే పేలే పదార్థం తయారవుతుంది. వెంటనే పారబోసి సజల నైట్రికామ్లంతో కడగాలి. గ్లవ్స్ లేకుండా ఓసారి చేశాను. వేళ్ళు నల్లగా మాడిపోయినట్టు వారం ఉన్నాయి. ఆ వారమే మా పెద్దమ్మగారింట్లో పెళ్ళి. వడ్డించబోతే పంక్తిలో ఒకావిడ విస్తరి వెనక్కి లాక్కుంది.

అద్దం వచ్చాక అసలు మజా. పంచదారతో చేస్తే రాదు. బెల్లంతో చేస్తే కాస్తో కూస్తో వస్తుంది. పంచదారలో గ్లూకోజు, ఫ్రక్టోజు రెండూ ఉన్నాయి, కానీ ఒకదాని కార్బొనిల్ చోటుని ఇంకొకటి పట్టుకుని గొళ్ళెం వేసి ఉన్నాయి. బెల్లంలో కొంత ఆ గొళ్ళెం ఊడిపోయి ఉంటుంది. ఇక ఫ్రక్టోజు కీటోన్ కదా, అదెందుకు అద్దం ఇస్తుంది అని అడిగేవాడు ఏటా ఒకడుంటాడు. క్షారంలో అది కొద్దికొద్దిగా ఆల్డిహైడ్ రూపంలోకి మారిపోతుంది. నియమం బట్టీ కొట్టినవాడికి ఇది మినహాయింపు, జరిగేది చూసినవాడికి మామూలు సంగతి.

మళ్ళీ ఆ అమ్మాయి బెంజాల్డిహైడ్ దగ్గరికి వద్దాం. కార్బొనిల్ కార్బన్‌కి పక్క కార్బన్‌ని ఆల్ఫా కార్బన్ అంటారు. దాని మీద ఉన్న హైడ్రోజన్ విచిత్రమైనది. ఈథేన్‌లో హైడ్రోజన్‌ని క్షారంతో లాగడం దాదాపు అసాధ్యం, పీకేఏ (ఈ అంకె ఎంత పెద్దదైతే హైడ్రోజన్‌ని లాగడం అంత కష్టం) 50 దగ్గర. ఎసిటోన్‌లో 20 దగ్గర. ఒక్కో మెట్టుకీ పదింతలు కాబట్టి, తేడా ఒకటి పక్కన ముప్పై సున్నాలు. కారణం పక్కనే ఉన్న కార్బొనిల్. హైడ్రోజన్ పోయాక మిగిలిన ఋణావేశాన్ని ఆక్సిజన్ తన భుజాన వేసుకుంటుంది. ఇప్పుడు ఆ ఆల్ఫా కార్బన్ చేతిలో ఎలక్ట్రాన్లు ఉన్నాయి, పక్కన ఇంకో ఆల్డిహైడ్ ఆకలితో ఉంది. వెళ్ళి అంటుకుంది. ఆల్డాల్. 1872లో ఫ్రాన్సులో వూర్ట్జ్ దీన్ని ప్రకటించాడు, అదే రోజుల్లో రష్యాలో బొరొదిన్ కూడా విడిగా పట్టుకున్నాడు. ఈ బొరొదిన్ వృత్తికి కెమిస్టు, లోకానికి మాత్రం సంగీతకారుడు.

బెంజాల్డిహైడ్‌లో ఆల్ఫా కార్బన్ బెంజీన్ వలయంలో ఉంది, దాని మీద హైడ్రోజనే లేదు. కాబట్టి ఆ దారి మూత. గాఢ క్షారం పోస్తే హైడ్రాక్సైడ్ ఏం చేస్తుంది? నేరుగా ఆకలి కార్బన్‌నే పట్టుకుంటుంది. ఆక్సిజన్ తిరిగి ద్విబంధం కావాలంటుంది (745 గుర్తుందా?). ఎవరినో ఒకరిని గెంటాలి. హైడ్రోజన్ తన రెండు ఎలక్ట్రాన్లతో సహా, హైడ్రైడ్‌గా, పక్కనున్న ఇంకో బెంజాల్డిహైడ్ మీదకి దూకుతుంది. ఒకడు ఆమ్లం, ఒకడు ఆల్కహాల్. 1853లో కనిజారో పొటాష్‌తో చూసింది ఇదే. ఆల్డాల్, కనిజారో పుస్తకంలో రెండు శీర్షికలు. చూడ్డం వస్తే ఒకే రోడ్డు, ఆల్ఫా హైడ్రోజన్ దగ్గర చీలిక.

అమోనియా చుట్టాలైన ఎమైన్లు వచ్చేసరికి ఈ కథ ఇంట్లోకే వచ్చేస్తుంది. నైట్రోజన్ మీద ఒంటరి జత ఉంది, ఆకలి కార్బన్ మీదకి వస్తుంది, చివరికి నీరు పోతుంది, కార్బన్-నైట్రోజన్ ద్విబంధం మిగులుతుంది. ల్యాబులో ఆల్డిహైడ్, కీటోన్లని పట్టి చూపే డీఎన్‌పీ కారకం వేస్తే నారింజ-పసుపు అవక్షేపం వచ్చేది ఇందుకే. బయాలజీ గదిలో ఫార్మలిన్ సీసాలో కప్ప ఏళ్ళ తరబడి గట్టిగా ఉండేది ఇందుకే, ప్రొటీన్ల ఎమైన్ చేతులని ఫార్మాల్డిహైడ్ ఒకదానికొకటి కట్టేస్తుంది. 2018లో చేపల్లో ఫార్మలిన్ అని గోల లేచినప్పుడు మా బజార్లో చేపలమ్మే అప్ప దగ్గర వారం రోజులు ఈగలు తప్ప జనం లేరు. పెనం మీద అట్టు ఎర్రబడడం కూడా చక్కెరల కార్బొనిల్, ప్రొటీన్ల ఎమైన్ కలవడంతోనే మొదలవుతుంది. ఫ్రాన్సులో మయార్ 1912లో దాని మీద రాశాడు.

అన్నిటికంటే నాకు నచ్చేది హెచ్‌బీఏ1సీ. మా ఇళ్ళలో మూడు నెలల షుగర్ అంటారు. రక్తంలో గ్లూకోజుకి ఆల్డిహైడ్ చివర ఉంది, హిమోగ్లోబిన్‌కి ఎమైన్ చివర ఉంది. పక్కపక్కనే తిరుగుతుంటే అంటుకోక మానవు. గ్లూకోజు ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ అంటుకుంటుంది. ముందు అంటుకున్నది ఊడిపోగలదు. కాసేపటికి అణువు లోపల సర్దుకుని గట్టిపడుతుంది, ఇక ఊడదు. ఎర్రకణం బతికేది 120 రోజులు. అందుకే ఈ పరీక్ష నిన్నటి ఉపవాసాన్ని నమ్మదు. మా అమ్మ రిపోర్టు వచ్చే ముందు రెండు రోజులు కాకరకాయ తిని డాక్టరుగారిని మోసం చేద్దామనుకునేది. కార్బొనిల్ కెమిస్ట్రీ ఆవిడని పట్టించేసింది.

నా వాదనకి ఎదురు మాట ఉంది, బలమైనదే. నీట్‌లో ఇప్పుడు 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు. నిమిషానికొకటి. ఎవరొచ్చారు, ఎవరు పోయారు అని కూర్చుంటే బండి వెళ్ళిపోతుంది, పేరు చూడగానే ప్రోడక్టు గుర్తు రావాలి. పిల్లల తల్లిదండ్రులు నాతో ఇదే అంటారు. నిజమే, వేగం కావాలి. కానీ నా అనుభవంలో బట్టీ కొట్టినవాడి వేగం ప్రశ్న సూటిగా వచ్చినంతవరకే. ఒక మిథైల్ గుంపుని జరిపి అడిగితే ఆ నిమిషం మొత్తం టెన్షన్‌కే పోతుంది. పైగా బట్టీ వద్దని నేననడం లేదు. క్లెమెన్‌సన్ చర్యని నేను ఇప్పటికీ బట్టీయే పట్టిస్తాను. జింకు ముక్కల మీద ఏం జరుగుతుందో పండితులకే ఒక్క మాట లేదు, నేనేం చెప్పను? ఈటార్డ్‌ని కూడా అలాగే వదిలేస్తాను. బట్టీ కొట్టాల్సినవి అలా రెండు మూడు తేలితే చాలు.

మార్కులు పెరిగాయా అంటే, కొందరికి పెరిగాయి, ఇద్దరు ముగ్గురు బాణాలే కావాలని వేరే ట్యూషన్‌కి మారిపోయారు. వాళ్ళలో ఒకడికి మంచి ర్యాంకే వచ్చింది.

బెంజాల్డిహైడ్ అమ్మాయి మొన్న పొద్దున్నే ట్యూషన్ వేళ కాకుండానే వచ్చింది. చేతిలో వాళ్ళ నానమ్మ రిపోర్టు. హెచ్‌బీఏ1సీ 8.4.

"మాస్టారూ, అంటుకున్న గ్లూకోజు ఊడొస్తాదా?"

"మొదటి మెట్టు మీదైతే ఊడొస్తుందమ్మా. సర్దుకున్నాక రాదు."

"మరి ఇప్పట్నుంచి మానేస్తే?"

నేను జవాబు చెప్పేలోపే వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. "పాత కణాలు పోవాలి కదండీ. 120 రోజులు. అంటే సంక్రాంతికి మళ్ళీ చేయించాలి." రిపోర్టు మడిచి బ్యాగులో పెట్టుకుని, "అరిసెలకి ముందే చేయించేస్తాను," అని సైకిలెక్కింది.